యాస మీద నవ్వు

వ్యంగ్యం మనిషి చేసే పనిని పట్టుకుంటుంది. మూస పాత్ర మనిషి పుట్టుకను పట్టుకుంటుంది. అంటే ఒంటి రంగు, మాట తీరు, తినే తిండి, పుట్టిన ఊరు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కినప్పుడు నవ్వులపాలైంది ఆడపిల్లల్ని ముసలివాళ్లకు అమ్మినవాళ్లూ, కొన్నవాళ్లూ. ఆ పని మానేసినవాణ్ని ఆ నవ్వు తాకదు. యాసను చూసి నవ్వితే మాత్రం, ఎదుటివాడు మానుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ తేడాను ప్రపంచమంతా చర్చించేలా చేసినవాడు ఒక తెలుగింటి బిడ్డ, హరి కొండబోలు. 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టాడు. స్టాండప్ కమెడియన్, అంటే నవ్వించడమే వృత్తి. ఆయన వేలెత్తి చూపింది ‘ది సింప్సన్స్’ కార్టూన్ సీరియల్‌లో 1990లో మొదటిసారి కనిపించిన అపు అనే దుకాణదారుని. పాత్రకు పేరు సత్యజిత్ రే సినిమాల నుంచి తీసుకున్నారు. నహసపీమపెటిలాన్ అనే ఇంటిపేరు ఏ భారతీయ భాషలోనూ లేదు. గొంతు హాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. ఆయనా క్వీన్స్‌లో పుట్టినవాడే.

ఆ పాత్ర పుట్టిన తీరును రచయిత మైక్ రీస్ చెప్పారు. దుకాణంలో భారతీయుణ్ని పెట్టడం అరిగిపోయిన హాస్యమని, ఆ గుమాస్తా భారతీయుడు కాదని ఆయన స్క్రిప్టులోనే రాసిపెట్టారట. నటులంతా కూర్చుని చదువుకుంటున్నప్పుడు అజారియా ఆ గుమాస్తా మాటను భారతీయ యాసలో చదివారు. అందరూ ఘొల్లున నవ్వారు, యాస ఉండిపోయింది. హాస్యరచనలో అసలు ప్రమాదం ఈ ఘట్టంలోనే ఉంది. మాటలో చమత్కారం లేకున్నా నవ్వు పుడుతుంది, నవ్వు పుట్టింది గనుక అది మంచి హాస్యమని రాసినవాళ్లూ నమ్మేస్తారు. పైగా ఆ యాస పూర్తిగా భారతీయుల నోటి నుంచి విన్నది కూడా కాదు. ‘ది పార్టీ’ (1968) సినిమాలో ముఖానికి గోధుమరంగు పూసుకుని భారతీయుడిగా నటించిన బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ ప్రభావం తన మీద ఉందని అజారియాయే చెప్పారు.

అదే అపుతో అదే సీరియల్ నిజమైన వ్యంగ్యం కూడా పండించింది. 1996లో వచ్చిన ఒక భాగంలో ఊళ్లోకి ఎలుగుబంటి వస్తుంది. దాన్ని తరిమే ఏర్పాటు కోసం పన్ను పెరుగుతుంది. జనం తిరగబడితే మేయరు తప్పంతా వలస వచ్చినవాళ్ల మీదికి నెడతాడు. దేశంలో ఉండాలంటే నెగ్గాల్సిన పౌరసత్వ పరీక్షలో అమెరికా అంతర్యుద్ధానికి కారణం అడిగితే అపు లోతుగా వివరించబోతాడు. బానిసత్వం అని చెప్పి ఊరుకోమంటాడు పరీక్షకుడు. అక్కడ నవ్వు మేయరు మీద, జనం మీద, ఆ పరీక్ష మీద. అపు మీద కాదు.

కొండబోలు డాక్యుమెంటరీ ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ 2017 నవంబరులో వచ్చింది. ఆ సీరియల్ అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అమెరికా టీవీలో భారతీయుడంటే దాదాపు అపు ఒక్కడే అయిన ఏళ్లలో, బళ్లో పిల్లలు తోటి భారతీయ పిల్లల్ని ఆ గొంతుతోనే వెక్కిరించడం ఆయన బాధ. తెల్లవాళ్లకు అదే సీరియల్‌లో తండ్రి, పోలీసు, డాక్టరు, దొంగ, పాస్టరు ఇలా వంద రూపాలున్నాయి. ఒకే రూపం ఉన్నవాళ్లకు మాత్రం వెక్కిరింత సాక్ష్యమై కూర్చుంటుంది. 2018 ఏప్రిల్‌లో సీరియల్ ఒక సన్నివేశంలో, ఒకప్పుడు అందరూ మెచ్చినదే ఇప్పుడు తప్పయిందని, ఏం చేయగలమని జవాబిచ్చి దాటవేసింది. అది బలహీనమైన జవాబు. 2020లో అజారియా ఆ గొంతు మానేశారు, 2021లో క్షమాపణ చెప్పారు.

చిత్తూరు జిల్లాలోని మా కాణిపాకం నేలకు ఇది దూరపు కథ కాదు. వరసిద్ధి వినాయకుడి గుడికి తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. సరిహద్దు పల్లెల్లో తెలుగు, తమిళం కలిసే వినపడతాయి. అయినా తెలుగు సినిమాలో తమిళుడంటే సాంబారు జోకు. సీమవాడంటే ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటివి వచ్చాక కొడవలి, నాటుబాంబు, టాటా సుమో. ఫ్యాక్షన్ కక్షలు ప్రధానంగా కర్నూలు, కడప, అనంతపురాల్లోవి. ఆ ముద్ర చిత్తూరుకూ పడింది. “యాడికి పోతా ఉండావు?” అని ఇక్కడి అమ్మ బిడ్డను లాలనగా అడుగుతుంది. తెర మీద ఆ పలుకు ఎక్కువగా రౌడీ అనుచరుడికో నౌకరుకో దక్కింది, అదీ అరుపుగానే.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’ ఈ చిత్తూరు మాటలోనే రాశారు. వాటిలో నవ్వుకు కొదవ లేదు. కానీ ఆ యాసే ఆకలినీ ప్రేమనూ కోపాన్నీ కూడా మోస్తుంది. నవ్వినా నొప్పి ఉండకపోవడానికి కారణం అదే. 2021లో ‘పుష్ప’ ఈ యాసను కథానాయకుడికిచ్చింది, అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. మేలే జరిగింది, కానీ సగమే. యాసకు గౌరవం దొరికింది, ఆ యాస మాట్లాడే మనిషి మాత్రం ఎర్రచందనం దొంగ.

జాతి, మత వర్గాలను కించపరిచే దృశ్యాలను, మాటలను సెన్సారు మార్గదర్శకాలు వద్దంటాయి. అయితే సెన్సారు చూసేది ఒక్కో సినిమానే. విడిగా చూస్తే ఏ సినిమాలోనూ పెద్ద తప్పు కనపడదు, ముప్పై సినిమాలు వరసగా చూస్తే కనపడుతుంది. కాబట్టి ఈ బాధ్యత రచయితది, నటుడిది. చిత్తూరు యాసలోనే పాఠం చెప్పే పంతులమ్మ, వైద్యం చేసే డాక్టరు, తీర్పు చెప్పే జడ్జి తెలుగు తెర మీద ఇప్పటికీ అరుదు.