సుశ్రుతుని కర్ణాధ్యాయము: ఒక విమర్శ

మెదకు పట్టణమున నేటికిని పసిబిడ్డలకు చెవులు కుట్టించుట ఒక వేడుక. సుశ్రుత సంహితలోని సూత్రస్థానము 16వ అధ్యాయము ఈ వేడుకతోనే ఆరంభమగుచున్నది. బిడ్డకు 6వ లేక 7వ నెలలో చెవులు కుట్టుట, రంధ్రమును క్రమముగా పెంచుట, అందువలన తమ్మె తెగిపోయినచో తిరిగి అతుకుట అందలి విషయములు. ప్లాస్టిక్ శస్త్రచికిత్సకు మన దేశమే పుట్టినిల్లని చెప్పునపుడెల్ల ఈ అధ్యాయమును సాక్ష్యముగా చూపుదురు. చర్మ క్యాన్సరును కోసి తీసివేసిన పిమ్మట చెవిని తిరిగి నిర్మించు నేటి విద్యయు అందులోనే కలదని కొందరందురు. ఈ మాట ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

గ్రంథము గొప్పదనుటలో సందేహము లేదు. తమ్మె బొత్తిగా లేనివారికి చెంప నుండి మాంసమును తెచ్చి తమ్మెను చేయవలెననియు, ఆ మాంసము మొదలు తెగక ప్రాణముతో నుండవలెననియు అందు నియమము కలదు. మొదలు తెగనిచో రక్తము ప్రవహించుచుండును. రక్తమందిన మాంసము బ్రతుకును. నేటి శస్త్రవైద్యులు వాడు పెక్కు పద్ధతులకు ఇదే మూలసూత్రము. అంతకంటె మెచ్చదగినది వేరొకటి కలదు. అతుకు విధములు 15 అని చెప్పిన గ్రంథమే, వానిలో చివరి 5 అసాధ్యములని ఒప్పుకొన్నది. పొగడువారు 15 అను సంఖ్యను చెప్పుదురు గాని ఈ 5 మాట ఎత్తరు.

ఇక పోలిక ఎక్కడ చెడుచున్నది? విద్యార్థి తన చెవినే తడిమి చూచుకొనవచ్చును. తమ్మె మెత్తనిది, అందు చర్మము, క్రొవ్వు తప్ప వేరు ఆధారము లేదు. చెవి పైభాగమును మడిచి విడిచినచో తిరిగి నిలుచును. అది మృదులాస్థి గుణము. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. దానిని కప్పిన పొర నుండియే పోషణ అందవలెను. క్యాన్సరు తరచుగా ఎండ తగులు పై అంచున పుట్టును. దానిని చుట్టునున్న కొంత మంచి భాగముతో సహా కోసి, అంచులలో రోగకణములు మిగులలేదని సూక్ష్మదర్శినితో చూచిన తరువాత చెవిని నిర్మించుట మేలు. మృదులాస్థి ఎక్కువగా పోయినచో చర్మము మాత్రమే చాలదు. నిలిపియుంచు చట్రము కావలెను. సూక్ష్మదర్శిని పరీక్షయు, చట్రమును ఆ అధ్యాయములో లేవు. లేకుండుట దోషము కాదు, ఉన్నవనుట దోషము.

చట్రమును గూర్చిన కృషి 20వ శతాబ్దిలో సాగినది. పుట్టుకతో చెవి ఏర్పడనివారికి పక్కటెముకల మృదులాస్థితో చెవిని నిర్మించు పద్ధతిని అమెరికా వైద్యుడు టాంజర్ 1959లో ప్రకటించెను. బొంబాయికి చెందిన నోషిర్ ఆంటియా, బుచ్ అను వైద్యులు 1967లో అంచు లోపమునకు వేరొక ఉపాయము చెప్పిరి. మిగిలిన అంచును మృదులాస్థితో సహా విడదీసి, వెనుకటి చర్మము నుండి రక్తము అందుచుండగానే ముందుకు జరిపి కలుపుదురు. చెవి కొంచెము చిన్నదగును, ఆకారము నిలుచును. క్యాన్సరు కోతల తరువాత ఈ పద్ధతి నేటికిని పెక్కు దేశములలో వాడుకలో నున్నది. ప్రాణమున్న మాంసమును గూర్చిన సుశ్రుతుని సూత్రము ఇందు నిజముగా కొనసాగుచున్నది. ప్రాచీనులను పొగడు నోళ్లు ఆంటియాను తలచకపోవుట న్యాయము కాదు.

ఈ అతిశయోక్తి వలన హానియు కలదు. మన చర్మమునందలి మెలనిను ఎండకు కొంత అడ్డు నిలుచుటచే చర్మ క్యాన్సరు మనవారిలో తక్కువ. తక్కువ కావుననే, మెదకు పొలములలో పనిచేయు రైతు చెవి మీది మానని పుండును లెక్కచేయకపోవచ్చును. పూర్వులకు అన్నియు తెలియునను నమ్మకము తోడైనచో పైపూతలతో నెలలు గడచును. పుండు చిన్నదిగా నున్నపుడు కోసినచో అంచులో కొంత మాత్రమే పోవును. ఆలసించినచో చెవి యంతయు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును.

కనుక ఉపాధ్యాయులు ఈ అధ్యాయమును తప్పక బోధింపవలెను. అయితే సాధ్యమైన 10 విధములతో పాటు అసాధ్యములన్న ఆ 5 విధములను కూడ చెప్పవలెను.