నువ్వేం రాశావ్?

పరీక్ష రాసి వచ్చాక జవాబులు పోల్చుకోవద్దని పిల్లలకు అందరం చెబుతాం. లెక్కల పేపరైతే నేనూ అదే అంటాను. తప్పని తేలితే మర్నాటి పేపరు చదివే మనసు కూడా పోతుంది. లీగల్ స్టడీస్‌కు మాత్రం ఆ సలహా పనికిరాదు.

సౌదీ అరేబియాలోని యాన్బులో ప్రీబోర్డు రాసి మా కారెక్కిన ముగ్గురు పిల్లలూ సీటుబెల్టు పెట్టుకోకముందే మొదలుపెట్టారు. ప్రశ్న లాల్‌మన్ శుక్లా కేసు మీద. 1913లో అలహాబాద్ హైకోర్టు తేల్చిన కేసది. తప్పిపోయిన పిల్లవాణ్ని వెతకమని నౌకరును పంపారు. అతను వెళ్లాక 501 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ సంగతి తెలియకుండానే అతను పిల్లవాడి ఆచూకీ పట్టుకున్నాడు. తెలియని ఆఫర్‌ను ఒప్పుకోవడం కుదరదు కనుక డబ్బు రాదంది కోర్టు.

పేపర్లో మాత్రం ఒక్క సంగతి మార్చారు. నౌకరు దారిలో ప్రకటన చదివాడు, ఆ తర్వాతే పిల్లవాడు దొరికాడు.

"రాదని రాశానే" అంది ఒకమ్మాయి. "చదివాడు కదే, వస్తుంది" అంది రెండోది. మూడోవాడు కాసేపు ఆగి, "చదివినా రాదు. వెతకడం అప్పటికే అతని డ్యూటీ, కొత్తగా చేసిందేముంది?" అన్నాడు. మొదటి అమ్మాయిదీ ఇతనిదీ ఒకే జవాబు. కానీ ఆమె పాత తీర్పు అప్పజెప్పింది, ఇతను ఎదుట ఉన్న కేసు చదివాడు. ఆ తేడా ఆమెకు అక్కడే, ఎవరూ చెప్పకుండానే తెలిసింది. దిద్దిన పేపర్లో సున్నా చూసుకున్నా అంత స్పష్టంగా తెలిసేది కాదు.

"ఆంటీ, ఎవరిది కరెక్ట్?" అన్నారు. నేను తీర్పు చెప్పలేదు. రాజమండ్రివారైన జస్టిస్ కోకా సుబ్బారావు సంగతి చెప్పాను. ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద పోలీసు నిఘా కేసులో, 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. వ్యక్తి స్వేచ్ఛలో అదీ భాగమేనని ఆయన విడిగా రాశారు, జస్టిస్ షా ఆయనతో కలిశారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం సుబ్బారావుగారి మాటనే నిలబెట్టింది. ఆరోజు ఓడిన జవాబు నిలిచింది దాని వెనకున్న కారణం వల్లనే.

అందుకే పిల్లల్ని ఒకటే అడిగాను. పేపర్లు దిద్ది ఇచ్చాక ముందు మార్కులు చూడొద్దు, మూడూ పక్కపక్కన పెట్టుకుని ఎవరు ఏ వాక్యం దగ్గర విడిపోయారో గీత గీయండి అని.