ఎత్తే ముందు దించే చోటు

ఈ వారం ఒక సినిమా మేకింగ్ వీడియో చూశాను. హీరో ఇనుప దూలాన్ని భుజానికెత్తి విలన్ మనుషుల మీదికి విసురుతాడు. దూలం థర్మకోల్‌ది, పైన తుప్పు రంగు వేశారు. అలాగే ఉండాలి, నటుడి నడుము నటుడికి ముఖ్యం. అయితే అదే వీడియోలో ఓ మూల నలుగురు కుర్రాళ్ళు కెమెరా క్రేన్ వెనక వేసే ఇనుప దిమ్మెలు మోసుకొస్తూ రెండు క్షణాలు కనిపించారు. ఆ ఇనుము మాత్రం నిజమైనదే. వాళ్ళ మీద నుంచి కెమెరా ఎంత తొందరగా తప్పుకుందో చూసి మనసు చివుక్కుమంది.

ఆ దిమ్మెలు వేయడం తీయడం ఉత్త మోత కాదు. ముందున్న కెమెరామన్ చెప్పాపెట్టకుండా దిగాడంటే క్రేను ముందు భాగం గాల్లోకి లేస్తుంది, వెనకున్న ఇనుమంతా వీళ్ళ మీదికే దిగుతుంది. ఎవరు ఎప్పుడు ఎక్కాలో, ఏ దిమ్మె ఎప్పుడు తీయాలో వాళ్ళకి తెలుసు కాబట్టే షాట్ నడుస్తోంది. మోత కూడా విద్యేనని ఈ కాలమ్‌లో ఎప్పటినుంచో వాదిస్తున్నాను. ఆ నమ్మకం నాకు మా పెదనాన్న దగ్గర కలిగింది.

జూబ్లీహిల్స్ గుట్ట దిగి, సనత్‌నగర్ దాటితే బాలానగర్. అక్కడ ఓ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పెదనాన్న మేస్త్రీ. గేట్లు, నీళ్ళ ట్యాంకులు, ఎప్పుడైనా సినిమా సెట్టుకి ఫ్రేములు చేసేవాళ్ళు. సెలవుల్లో నేను అక్కడే తిరిగేవాణ్ణి. లారీ వచ్చి ఆగగానే పెదనాన్న రేకు మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు నేల చూసేవాడు. తడి ఉందా, తెగిన ముక్కలేమైనా పడి ఉన్నాయా, రేకు ఆనించే చోట చెక్కలు వేశారా. ఎనిమిదడుగులకి నాలుగడుగుల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రేకు, 3 మిల్లీమీటర్ల మందమైతే 70 కిలోలు. అదే 10 మిల్లీమీటర్ల ప్లేటైతే 233. ఆ లెక్క ఆయనకి నోటికే వచ్చు. తర్వాత మనుషుల్ని చూసేవాడు. పొడుగువాణ్ణి పొట్టివాడితో జత కట్టనిచ్చేవాడు కాదు. బరువంతా ఒకడి మీదికి ఒరుగుతుందని. నిద్ర లేనివాడు ఎవడో మొహం చూసి చెప్పి, వాణ్ణి పక్కకి పంపేవాడు. అప్పుడు ఎవరో ‘జోర్ లగాకే’ అంటే అందరూ ‘హైసా’ అనేవాళ్ళు. ఆ ‘సా’ మీదే అన్ని చేతులూ ఒకేసారి లేవాలి. ఒక్క చెయ్యి ఆలస్యమైనా అంచు ఎవరిదో వేలు కోస్తుంది, లేకపోతే దించేటప్పుడు కింద ఎవరిదో బొటనవేలు నలుగుతుంది.

“ఒరేయ్, ఎత్తే ముందు దించే చోటు చూసుకోవాలిరా” అనేవాడు నాతో.

ఆయన జట్టులో ఒక్కరికీ వేలు పోలేదు. కానీ యాభై దాటేసరికి పెదనాన్న కింద కూర్చుని అన్నం తినలేకపోయాడు. కుడి కాల్లోకి తిమ్మిరి దిగేది. చెప్పులు పెద్దమ్మ తొడగాల్సి వచ్చేది. షెడ్డు యజమాని వయసన్నాడు, డాక్టరూ వయసన్నాడు. వేలు తెగితే ప్రమాదం కింద రాస్తారు. ముప్పై ఏళ్ళ మోతలో వెన్నుపూసల మధ్య డిస్కు నలిగితే ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

ఆయన నేర్పులో లోపమేమీ లేదు. నాకు తెలిసినవాళ్ళలో అంత జాగ్రత్తపరుడు ఇంకొకరు లేరు. మరి నడుమెందుకు పోయింది? ఫ్యాక్టరీ గోడల మీది పోస్టర్లు మోకాళ్ళు వంచమంటాయి, బరువుని ఒంటికి ఆనించుకోమంటాయి. నేల మీద పరిచి ఉన్న నాలుగడుగుల వెడల్పు ప్లేటుని ఒంటికెలా ఆనించుకుంటారు? బరువు ఎంత దూరంగా ఉంటే నడుము మీద అంత పెరుగుతుంది. ఆ 233 కిలోల ప్లేటుని నలుగురు పట్టుకుంటే తలా 58. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాళ్ళకి సూచించిన హద్దు 55 కిలోలు. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలించినా 23 దాటకూడదు. మోత మెలకువలు నేర్పినంత మాత్రాన నడుము నొప్పి ఆగుతుందనడానికి సరైన ఆధారం లేదని వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సమీక్షకులు తేల్చారు.

నేర్పు మీద నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఆ నేర్పుని పొగిడే కొద్దీ బరువు తగ్గించే పని వెనక్కి పోతోంది. ఈ పూట నేర్పు కన్నా ముందు చైన్ కప్పీ అడుగుతాను, ప్లేటుని నిలబెట్టి తోసుకెళ్ళే బండి అడుగుతాను. క్రేనుంటే చాలనీ అనను. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో బరువు పరీక్ష జరుగుతుండగా క్రేను కూలి 11 మంది పోయారు. అదే ఏడు ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ‘ఇండియన్ 2’ సెట్లో క్రేను పడి ముగ్గురు. యంత్రం కింద, చుట్టూ ఎవరుండకూడదో ముందే తేల్చడం కూడా మోతలో భాగమే.

దెబ్బ తగిలించేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టంలో సినిమా సెట్టు ప్రస్తావన లేదు. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ దృశ్య శ్రవణ రంగ కార్మికుల్ని పేరు పెట్టి చేర్చింది. కాబట్టి ఫిల్మ్‌నగర్‌లో అడగడానికి ఇదే సమయం.

2025 ఆగస్టు సమ్మెలో తెలుగు సినిమా కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు అడిగింది, షూటింగులు రెండు వారాలకి పైగా ఆగాయి. కూలి న్యాయమైన కోరికే. వచ్చేసారి ఫిల్మ్ ఛాంబర్‌తో కూర్చున్నప్పుడు ఒప్పందం కాగితంలో కిలోలు కూడా రాయించాలి. అద్దెకిచ్చే ప్రతి లైటు, బల్లాస్టు, ట్రాకు, దిమ్మె మీద దాని బరువు తెలుగులో పెయింటుతో రాసి ఉండాలి. ఇద్దరు మోయాల్సినదాన్ని ఒకణ్ణి మోయమంటే కృష్ణానగర్ నుంచి సెట్టుకొచ్చే కుర్రాడు కాదనాలి, కాదన్నందుకు మర్నాటి కాల్‌షీట్ పోకూడదు. ఈ చివరి మాటని ఒప్పందంలో అక్షరాలా రాయించాలి.