బెరడు నుంచి బిళ్ల దాకా

వానలు వెనకబట్టి, బందరు కాలువ వెంబడి దోమలు ముసిరే రోజుల్లోనే మా వీధిలో ఏడాకులపాల చెట్లు పూస్తాయి. బెరడు మీద గంటు పెడితే చిక్కటి పాలు కారతాయి. నాలుక్కి తగిలితే ఒకటే చేదు. చలిజ్వరానికి కొయినా (క్వినైన్) బదులు ఇదే పనికొస్తుందని ఒకప్పుడు ఆశపడ్డారు. తీరా పరీక్షిస్తే మలేరియా క్రిమి మీద చెప్పుకోదగ్గ పస కనబడలేదు.

మొక్కలోంచి ఆల్కలాయిడ్ తీయడం నాకెప్పుడూ విసుగు పుట్టని పని. బెరడు పొడిలో సున్నం కలిపి సాల్వెంట్‌లో నానబెట్టి, వడగట్టిన దాన్ని పలచటి ఆసిడ్‌తో కుదిపితే ఆల్కలాయిడ్ నీళ్లలోకి దిగుతుంది. అందులో క్షారం పోస్తే తెల్లగా విరిగి అడుక్కి చేరుతుంది. అది క్వినైన్ అయితే, పలచటి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కలిపి ఎండలో పెట్టండి, నీలంగా మెరుస్తుంది. 1820లో పారిస్‌లో పెల్లెటియర్, కావెంటూ దాన్ని సింకోనా బెరడు నుంచి విడదీశారు.

బెరడు నుంచి తీయడం వేరు, ల్యాబులో అణువును కట్టడం వేరు. 1856లో పెర్కిన్ క్వినైన్ చేయబోతే ఊదా రంగు వచ్చింది. 1944లో వుడ్‌వర్డ్, డోరింగ్ దారి వేశారు. అణువులోని మెలికలన్నీ కోరిన దిక్కుకే తిప్పి కట్టడం 2001లో స్టోర్క్‌కు గాని కుదరలేదు. చేతులెత్తి మొక్కాల్సిన పనితనమది. అయినా ఇవాళ్టికీ బజార్లో దొరికే క్వినైన్ బెరడు నుంచి వచ్చిందే.

బిళ్లగా మన ఇళ్లకు చేరింది మాత్రం క్లోరోక్విన్. 1934లో జర్మనీలో ఆండర్‌సాగ్ చేసిన ఆ అణువులో క్వినైన్ తాలూకు క్వినోలిన్ వలయం ఒక్కటే మిగిలింది. కట్టలేక ప్రాణం విసిగే మిగతా భాగం లేదు. దాని బదులు, రంగుల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన నైట్రోజన్ తోక ఉంది. ఏది వదలాలో తెలియడమే ఈ విద్యలో అసలు పట్టు అని నా నమ్మకం. మలేరియా క్రిముల్లో ఫాల్సిపేరం రకం దానికి లొంగడం మానేసినా, వైవాక్స్ రకం వస్తే మన దగ్గర ఇప్పటికీ మూడు రోజులు ఆ బిళ్లలే ఇస్తారు.

చైనావాళ్ల చాంగ్‌షాన్ వేరులో ఫెబ్రిఫ్యూజిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. మలేరియాను గట్టిగా కొడుతుంది కానీ వాంతులతో మనిషిని కుంగదీస్తుంది. దాన్ని మార్చి చేసిన హాలోఫ్యూజినోన్ కోళ్ల రోగానికి దాణాలో కలిపే మందయింది. మనిషి తట్టుకోగల రూపం ఇంకా కుదరలేదు. అణువులు కట్టే పని మనవాళ్లకు కొత్త కాదు. గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఎ.వి.రామారావు హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏజెడ్‌టీకి చౌక దారి వేసి ఎయిడ్స్ రోగులకు మందు అందుబాటులోకి తెచ్చారు. అక్కడి ల్యాబుల్లో చేరుతున్న మన ఎమ్మెస్సీ పిల్లలెవరైనా ఈ చాంగ్‌షాన్ వేరు పని మీద కూర్చోవాలని నా కోరిక. పాడేరు మన్యంలో మలేరియా ఇంకా పోలేదు.