యంత్రం తీసుకునేది శ్రమనా, నిర్ణయాన్నా? – ఏకైక వస్త్ర రూపకల్పనపై ఒక విమర్శ

చేనేతను గురించిన తెలుగు రచనల్లో యంత్రానికి తరచు ప్రతినాయక స్థానమే దక్కుతుంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కూడా మరమగ్గం కానిదల్లా చేతిమగ్గమే అన్న నిర్వచనంతో సరిపెట్టుకుంది. ఒక చీర మరొక చీరవలె ఉండకపోవడానికి చేతిపనే కారణమన్న నమ్మకం ఈ విభజనను ఆశ్రయించి నిలిచింది. కోనసీమలో అమలాపురం చెంతనున్న బండారులంక వంటి నేత గ్రామానికి కొత్త పరికరాలను సూచించేవారు ముందుగా ఈ నమ్మకాన్ని పరీక్షించాలి.

జకార్డునే తీసుకుందాం. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న ఈ సాధనంలో, ఒక్కో పేకకు ఏ పడుగు పోగులు లేవాలో రంధ్రాలు పొడిచిన అట్టలు నిర్దేశిస్తాయి. దీనిని చేతిమగ్గంపై బిగించి నేసినా అది చేనేతే. అయితే ఆ అట్టలు మార్చనంతవరకు బుటా మారదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ తీరు వేరు. అక్కడ బుటాకు కావలసిన అదనపు పోగును చేతితోనే చొప్పిస్తారు. రంగు మార్చాలన్నా, పువ్వులో ఒక రేకు తగ్గించాలన్నా మగ్గం మీదనే వీలు. రెండూ చేతిమగ్గాలే, నిర్ణయం జరిగే చోటు మాత్రం ఒకటి కాదు.

ఇందుకు ఎదురు ఉదాహరణ తెలంగాణలో ఉంది. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. చింతకింది మల్లేశం 1999లో పూర్తిచేసి, తల్లి లక్ష్మి పేరు పెట్టిన ఆసు యంత్రం ఆ చాకిరీని తీసుకుంది. ఎక్కడ కట్టు కట్టాలి, ఏ రంగులో ముంచాలి అన్నవి మనిషికే మిగిలాయి. కట్టు కిందికి రంగు కాస్త ఊరినచోట ఏర్పడే మసక అంచు ఏ రెండు చీరల్లోనూ ఒక్కలా రాదు. 2019 నాటి ‘మల్లేశం’ చిత్రం వల్ల ఆ తల్లి భుజం నొప్పి అందరికీ తెలిసింది. ఆ యంత్రం రూపకల్పనను ఎందుకు చెరపలేదో మన విమర్శ ఇంకా సరిగా పట్టించుకోలేదు.

ఎలక్ట్రానిక్ జకార్డు చిక్కును పెంచుతుంది. అట్టల స్థానంలో కంప్యూటర్ ఫైలు ఉంటుంది కనుక పేకపేకకూ కొత్త ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఏ చీరకు ఆ చీరను వేరుగా నేయవచ్చు. ప్రయోగశీలికి ఇది నిజంగా గొప్ప అవకాశం. కాని అప్పుడు నిర్ణయం మగ్గం గుంటలోని వ్యక్తినుంచి తెర ముందున్న వ్యక్తికి మారుతుంది. చీర ఏకైకమే, నేసినవారికి మాత్రం అది అప్పగించిన పనే.

అలాగని జాందానీ నేతగానికి ఉన్న స్వేచ్ఛను కీర్తించి ఊరుకోవడమూ సరికాదు. చీరకింత అని మజూరీ కట్టేచోట ప్రయోగం ఖర్చు నేసేవారిదే. చెడిన మూర, విప్పి మళ్లీ నేసిన పూట కూలిలోకి రావు. సృజన తగ్గిందని సదస్సుల్లో వాపోయే మనం (ఈ వ్యాసకర్తతో సహా) ఈ లెక్క అడిగింది తక్కువ. క్షేత్ర పరిశోధకులు నమూనాల ఫొటోలతోపాటు మజూరీ చీటీలనూ సేకరించాలి. వాటిలో నమూనా గీసినవారి పేరుకు, చెడిన మూరకు చోటుందో లేదో చూడాలి.