నాలుగు సెకన్లకో టిక్కు

స్టూడియోలో పెట్టెలు ఎన్నున్నా క్లాకు ఒక్కటే ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పోయిన వారం విజయవాడలో ఒక స్టూడియోకు వెళ్లినప్పుడు కూడా నాది అదే మాట. సన్నాయి మేళం రికార్డింగు ఉంది, వచ్చి వినమన్నారు.

ఆ స్టూడియో ఈమధ్యే పాత తీగల గుత్తులన్నీ పీకేసి, నెట్‌వర్క్ మీద ధ్వనిని పంపే డాంటేకు మారింది. హాల్లో గోడకు ఒక ఇంటర్‌ఫేసు, కంట్రోల్ రూములో ఇంకోటి, నడుమ ఒక స్విచ్. కేబులేమో మన ఇళ్లలో ఇంటర్నెట్‌కు లాగే రకమే. ఒక్కో మైకుకు ఒక్కో తీగ చొప్పున గోడలో లాగిన రోజులు చూసినవాణ్ని, ఒకే సన్నని కేబుల్లో మేళమంతా నడిచి రావడం చూస్తే నాకు ఇప్పటికీ సంబరమే.

సన్నాయి, డోలు, తాళం అన్నీ బాగానే పలికాయి. శ్రుతిపెట్టె చానల్ ఒక్కటే విందామని మిగతావి ఆపితే వినబడింది: టిక్. కాసేపటికి మళ్లీ టిక్. డోలు మోగుతున్నంతసేపూ దాని కింద దాక్కుంది. నిలకడగా సాగే శ్రుతిలో మాత్రం దాక్కోవడానికి దానికి చోటు దొరకలేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు కేబుల్ మారుస్తారు. తర్వాత మైకు, ఆ తర్వాత కంప్యూటర్ ఆపి మళ్లీ వేయడం. ఆ పూట గడిచిపోతుంది. అక్కడి ఇంజనీరు అమ్మాయి ఇవేవీ ముట్టుకోలేదు. ఫోన్లో స్టాప్‌వాచ్ తీసి, కళ్లు మూసుకుని లెక్కపెట్టింది.

“నాలుగు సెకన్లకోసారి వస్తోంది సార్. ఒక్కసారీ తప్పట్లేదు. నెట్‌వర్క్ గొడవ కాదిది, క్లాకు.”

ఆ వారం నన్ను ఇంతగా సంతోషపెట్టింది మరొకటి లేదు. నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు పోతే చప్పుడు వేళాపాళా లేకుండా వస్తుంది, ఒకసారి వరసగా నాలుగు, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. లెక్క తప్పకుండా వచ్చే టిక్కు రెండు గడియారాల మధ్య తేడాను చెబుతుంది. ఎంత తేడానో కూడా చెబుతుంది. ధ్వనిని కొలిచిన విలువలు, అంటే శాంపిళ్లు, సెకనుకు 48,000 అయితే నాలుగు సెకన్లకు 1,92,000. అన్నింటిలో ఒక్కటి ఎక్కువో తక్కువో అవుతోంది. పది లక్షలకు అయిదు పాళ్లన్నమాట. చేతిగడియారంలో ఇంత తేడా ఉంటే రోజుకు అర సెకను కూడా రాదు, అలాంటి గడియారాన్ని మనం మెచ్చుకుని పెట్టుకుంటాం. గడియారాలను నడిపే రెండు స్ఫటికాల మధ్య ఈపాటి తేడా లోపం కిందికే రాదు. శ్రుతిలో టిక్కు పుట్టడానికి మాత్రం అది చాలు.

నెట్‌వర్క్ లోపలి పెట్టెలకు ఈ బాధ లేదు. అవి తమలో ఒకదాన్ని లీడరుగా ఎన్నుకుంటాయి. లీడరు తన టైము పంపుతుంటే మిగతావి తమ గడియారాల్ని దానికి సరిచేసుకుంటాయి. కబురు దారిలో ఎంతసేపు పట్టిందో తెలియాలి కదా? అందుకని ఇటునుంచీ ఒక కబురు పంపి, రానూపోనూ పట్టిన సమయంలో సగం తీస్తాయి. 2002లో వచ్చిన ఐఈఈఈ 1588 ప్రమాణం చెప్పే పద్ధతి ఇది. రాకకూ పోకకూ ఒకే సమయం పడుతుందన్న నమ్మకం మీద ఈ లెక్కంతా నిలబడుతుంది. స్విచ్‌లో కరెంటు పొదుపు కోసం పెట్టే గ్రీన్ ఈథర్నెట్‌ను ఆపేయండని నేను మొత్తుకునేది అందుకే. పని లేనప్పుడు లైను కునుకు తీస్తే, లేచేందుకు పట్టే సమయం ఈ లెక్కలో చేరి దాన్ని చెడగొడుతుంది.

తేడా పెట్టింది నెట్‌వర్క్‌కు బయట ఉన్న పెట్టె. స్టూడియో యజమాని ప్రాణంగా చూసుకునే రెండు చానళ్ల ప్రీ-ఆంప్ అది, శ్రుతిపెట్టె దాని గుండానే వస్తోంది. సన్నాయి గరుకుదనం చెడకుండా మెత్తగా అందిస్తుంది, ఆయన మమకారంలో అర్థముంది. గోడ ఇంటర్‌ఫేసులో అనలాగ్ ఇన్‌పుట్లన్నీ మేళానికే నిండిపోవడంతో దీన్ని ఏఈఎస్3 డిజిటల్ దారిన లోపలికి తెచ్చారు. బయటి క్లాకు తీసుకునే సాకెట్ దానికి లేదు. తన స్ఫటికం చెప్పిందే దానికి టైము.

ఒకరి మాట వినలేని పెట్టెనే లీడరును చేయాలన్నాను నేను. ఆ ఇంటర్‌ఫేసును ఏఈఎస్3 క్లాకు మీద నడిపి, దానికే లీడరు పదవి ఇస్తే మిగతావన్నీ వెంట నడుస్తాయి. “టీకి వెళ్తూ ఎవరైనా దాని స్విచ్ కట్టేస్తే సార్? టేకు మధ్యలో స్టూడియో మొత్తానికి క్లాకు పోతుంది” అంది ఇంజనీరు అమ్మాయి. ఆ ఇన్‌పుట్‌కు శాంపిల్‌రేట్ కన్వర్టర్ ఉంది. దాన్ని ఆన్ చేసింది. ప్రీ-ఆంప్ తన టైములోనే నడుస్తుంది, గడప దగ్గర కన్వర్టర్ దాన్ని ఇంటి టైములోకి మార్చి లోపలికి పంపుతుంది. టిక్కు పోయింది.

కన్వర్టర్ వద్దని ఇక్కడే రాసినవాణ్ని. వచ్చిన శాంపిళ్లను పక్కన పెట్టి, వాటి నడుమ ఏముండి ఉంటుందో లెక్కగట్టి కొత్తవి పుట్టించడం నాకు రుచించదు. తిరుగు రైల్లో దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే మద్రాసు టైము గుర్తొచ్చింది.

మన సినిమా పాటలు దశాబ్దాల పాటు మద్రాసు కోడంబాక్కంలో తయారయ్యాయి. దాని పక్కనే నుంగంబాక్కం. అక్కడి వాతావరణ శాఖ ఆవరణలో ఒక రాతి స్తంభం ఉంది. ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన అబ్జర్వేటరీలో మిగిలిన భాగమది, నక్షత్రాలు నడినెత్తి గీత దాటే క్షణాన్ని పట్టుకునే దుర్బిణి దాని మీద ఉండేది. మద్రాసులో పనిచేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం సెషన్ రద్దయితే నడుచుకుంటూ వెళ్లి చూశాను. దాని మీద చెక్కిన రాతల్లో తెలుగు కూడా ఉంది. వేలు పెట్టి అక్షరాలు తడిమితే రాయి ఎండకు కాలిపోతోంది.

నక్షత్రం చూసి గడియారం దిద్దుకోవడం, ఆ గడియారం చెప్పిన టైమును తంతి మీద ఊళ్లకు పంపడం అక్కడి పని. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో దేశంలో రైళ్లు నడిచింది మద్రాసు టైము మీదే. బొంబాయికీ కలకత్తాకూ నడుమ పడుతుంది కనుక దాన్ని ఎంచుకున్నారు. లీడరు నుంగంబాక్కంలో, అనుచరులు ప్రతి స్టేషన్‌లోనూ. మా నెట్‌వర్క్ చేసే పనిని తంతితో చేశారు. ఆ స్తంభం దగ్గర నిలబడినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఒకే క్లాకు అన్న నా పట్టు ఆ మధ్యాహ్నమే బలపడిందని చెప్పగలను.

ఆ కథలో రెండో సగాన్ని అప్పట్లో పట్టించుకోలేదు. బొంబాయి ఊరి గడియారం మద్రాసుకు అరగంట వెనక. రైలు మద్రాసు టైముకు కదిలేది, ఊరు తన టైముకు నిద్రలేచేది. 1906 జనవరి 1న, కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ఆధారంగా దేశమంతటికీ ఒకే టైము పెట్టారు. బొంబాయిలో మాత్రం పాత టైము సుమారు 1955 దాకా బతికింది. అన్నాళ్లూ అక్కడ రైళ్లు ఆగలేదు, వ్యాపారం ఆగలేదు. స్టేషన్ గడప దాటేటప్పుడు ప్రతి మనిషీ మనసులో లెక్క మార్చుకున్నాడు. లెక్క ఖాయంగా తెలిసినంతవరకూ రెండు టైములున్నా ఏ రైలూ తప్పిపోదు.

కన్వర్టర్ చేస్తున్నదీ అదే. రెండు గడియారాల నిష్పత్తిని ఎడతెగకుండా కొలుస్తూ ఉంటుంది. పాతకాలం కన్వర్టర్లు పైస్థాయి స్వరాల్లో మసక తెచ్చేవి, నా అయిష్టం అక్కడ పుట్టింది. ఇప్పటి మంచి చిప్పులు కలిపే మలినం మైనస్ 120 డెసిబెళ్లకు కింద ఎక్కడో ఉంటుంది. ఆ హాల్లో ఏసీ కట్టేసినా మిగిలే చప్పుడు దానికి ఎంతో పైన. ఆలస్యమంటారా, మిల్లీసెకను స్థాయిది. సన్నాయికి మైకు ఒక్క మీటరు దూరం జరిపితే అంతకు రెండింతలు పైగా ఆలస్యం వస్తుంది, దాని గురించి మనమెవరమూ దిగులుపడం.

అందుకని ఇప్పుడు నా మాట ఇది. నెట్‌వర్క్ లోపల లీడరు ఒక్కటే, అదీ ఎప్పుడూ ఆపని పెట్టె. డాంటే కంట్రోలర్‌లో ఆ పెట్టెకు ఎదురుగా లీడరు గడిలో టిక్ పెట్టి వదిలేయండి. బయటి పెట్టె లీడరు మాట వినగలిగితే వినిపించండి. వినలేకపోతే దాని కోసం ఇల్లంతా తలకిందులు చేయొద్దు, పారేయొద్దు కూడా. కన్వర్టర్ వేసి లోపలికి రానివ్వండి. మంచి ధ్వని ఇచ్చే పెట్టెను క్లాకు వంకతో మూలపడేయడం నాకిప్పుడు అన్యాయమనిపిస్తోంది.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: చిన్న స్టూడియో పెడుతున్నాను, విడిగా మాస్టర్ క్లాక్ కొనమంటారా అని. పోయిన నెలైతే కొనమనేవాణ్నే. ఇప్పుడు వద్దంటున్నాను. డాంటే పెట్టెల్లో ప్రతిదానికీ పనికొచ్చే స్ఫటికం ఉంటుంది, లీడరును అవే తేల్చుకుంటాయి. ఆ డబ్బుతో గ్రీన్ ఈథర్నెట్ ఆపగలిగే స్విచ్ తీసుకోండి. ఇంటర్‌ఫేసు కొనేముందు డిజిటల్ ఇన్‌పుట్‌కు శాంపిల్‌రేట్ కన్వర్టర్ ఉందా అని షాపులో అడగండి. లేదంటే ఇంకో మోడల్ చూపించమనండి.