గుర్తు ఒకటే, గుణము వేరు: పాత బండిలో లిథియం బ్యాటరీ

“సీసపు బ్యాటరీని తీసివేసి అదే చోట లిథియం బ్యాటరీని పెట్టండి, పని ముగిసినట్లే.” ఈ మాట నేడు అంగళ్లలోను, ప్రకటనలలోను తరచుగా వినబడుతున్నది. ఇందులో సగము సత్యము, సగము ప్రమాదకరము. ఏది ఏదో వేరుచేసి చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

బండినే ఇల్లుగా చేసుకొను వాడుక పాశ్చాత్యదేశములలో ఎక్కువ. అయినను మనకు అది కేవలము కొత్త కాదు. 1982లో నందమూరి తారక రామారావు ప్రచారయాత్రకు వాడిన చైతన్య రథము మార్పులు చేసిన పాత షెవర్లే వ్యానే. కామారెడ్డి జిల్లా లింగంపేటలో ఒక కుటుంబమునకు అటువంటి పాత వ్యాను ఉన్నదనుకొందము. వంటసామాను, పరుపులు సర్దుకొని శ్రీశైలము, తిరుపతి పోయివత్తురు. ఇంజనును కదిలించుటకు ఒక బ్యాటరీ ఉన్నది. లోపలి దీపములకు, పంకాలకు, మిక్సీకి వేరొక బ్యాటరీ ఉన్నది. ఈ రెండవ దానినే మార్చదలచినారు. ఇంటి వరండాలోని ఇన్వర్టరు బ్యాటరీని మార్చువారికి కూడ ఇందులో చాలభాగము వర్తించును.

మొదట సత్యమైన సగము చూతము. 12 ఓల్టుల, 150 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీలో 12 × 150 = 1800 వాట్టు-గంటల శక్తి ఉండును. కాని దానిని అడుగంట వాడిన ఆయువు త్వరగా తగ్గును కనుక సగమే, అనగా 900 వాట్టు-గంటలే, వాడుట మేలు. 12.8 ఓల్టుల, 100 ఆంపియరు-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో 1280 వాట్టు-గంటలు ఉండును. అందులో 80 శాతము వాడినను 1024 లభించును. మొదటిదాని బరువు సుమారు 50 కిలోలకు పైన, రెండవదాని బరువు సుమారు 12 కిలోలు. ఆయువు కూడ రెండవదానికే ఎక్కువ. ఇంతవరకు ప్రకటనలు అబద్ధమాడుట లేదు.

దోషము ఆ తరువాత మొదలగుచున్నది. తరగతిలో నల్లబల్లపై ఘటమును ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీతతో చూపుదుము. 1859లో ప్లాంటే నిర్మించిన సీసపు ఘటమునకు అదే గుర్తు, 1997లో టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడ్‌ఇనఫ్, పాధి మొదలగువారు ప్రకటించిన ఐరన్ ఫాస్ఫేటు పదార్థముతో చేయు ఘటమునకు అదే గుర్తు. గుర్తు ఒకటే కనుక వస్తువు ఒకటే అని నమ్ముటయే పై ప్రకటనలోని పొరపాటు. బ్యాటరీ ఒంటరిగా పనిచేయదు. చార్జరు, ఆల్టర్నేటరు, తీగలు, ఫ్యూజు, మీటరు అన్నియు కలిసి ఒక వ్యవస్థ. పాతవన్నియు సీసపు ఘటము స్వభావమును బట్టి అమర్చినవి.

చార్జరును తీసికొందము. లిథియం బ్యాటరీలో నాలుగు ఘటములు వరుసగా ఉండును. ఒక్కొక్కటి 3.65 ఓల్టులు మించరాదు, అనగా మొత్తము 14.6. కొన్ని పాత చార్జర్లు సీసపు పలకలను శుభ్రపరచుటకు అప్పుడప్పుడు 15 ఓల్టులకు పైగా ఇచ్చును. సీసమునకు అది ఔషధము, లిథియమునకు అపాయము. అప్పుడు బ్యాటరీలోని రక్షణవలయము కలుగజేసుకొని ప్రవాహమును తెంచును. కాని రక్షణవలయము అత్యవసరమునకు ఉన్న కాపలాదారు మాత్రమే. ప్రతిదినము అతనిచేత చార్జరు పని చేయించరాదు.

ఆల్టర్నేటరు సంగతి మరింత ముఖ్యము. సీసపు బ్యాటరీ నిండుతున్న కొలది తన ఓల్టేజిని పెంచుకొని, తీసికొను ప్రవాహమును తానే తగ్గించుకొనును. లిథియం ఘటము అట్లు మొగమాటపడదు. నిండువరకు ఎంత ఇచ్చిన అంత తీసికొనును. పాత బండి ఆల్టర్నేటరు గంటలకొలది పూర్తి ప్రవాహమును ఇచ్చుటకు నిర్మింపబడినది కాదు. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దాని పంకా కూడ మెల్లగా తిరుగును, చల్లదనము చాలదు, చుట్టలు కాలిపోవచ్చును. నడుమ బ్యాటరీ రక్షణవలయము హఠాత్తుగా తెగినచో ఓల్టేజి ఎగిరి డయోడులు పాడగును. కనుక ఇంజను బ్యాటరీని సీసపుదిగానే ఉంచి, రెండింటి నడుమ ప్రవాహమును పరిమితము చేయు డీసీ-డీసీ చార్జరును పెట్టవలెను. అది 30 ఆంపియర్లు ఇచ్చినచో 100 ఆంపియరు-గంటలు నిండుటకు మూడు గంటలకు పైగా పట్టును. తిరుపతి దారిలో అది ఎక్కువ కాలము కాదు.

తీగలను చూడుడు. 1000 వాట్టుల ఇన్వర్టరు 12 ఓల్టుల వద్ద, నష్టములతో కలిపి, సుమారు 100 ఆంపియర్లు లాగును. తీగ నిరోధము 0.005 ఓము మాత్రమే అయినను, ప్రవాహవర్గమును నిరోధముతో గుణించగా 50 వాట్టుల వేడి పుట్టును. ప్రవాహము సగమైన వేడి నాలుగవ వంతగును. సీసపు బ్యాటరీ అలసిపోయి పెద్ద భారమును మోయలేనప్పుడు సన్నని తీగ దోషము కొంత దాగియుండెను. కొత్త బ్యాటరీ అలసిపోదు, దోషము బయటపడును. ఫ్యూజు కూడ ఏకముఖ ప్రవాహమునకు తగినదై, బ్యాటరీ ధనధ్రువమునకు దగ్గరగా ఉండవలెను. ఇంటి విద్యుత్తు సెకనుకు 100 మారులు సున్నను దాటును, అందుచే నిప్పురవ్వ ఆరుట సులభము. ఏకముఖ ప్రవాహమునకు ఆ విరామము లేదు.

ఇక మీటరు. సీసపు బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నప్పుడు ఓల్టేజిని చూచి ఎంత మిగిలినదో ఊహింపవచ్చును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఓల్టేజి చాలభాగము 13.2 దగ్గరనే నిలిచి, చివర ఒక్కసారిగా పడిపోవును. కనుక గాదెలోని ధాన్యమునకు రైతు లెక్క వ్రాసినట్లు, లోపలికి పోయిన ఆంపియరు-గంటలను, బయటికి వచ్చినవానిని లెక్కించు మీటరు కావలెను.

వేడి విషయమున మరొక విమర్శ గలదు. విదేశముల నుండి వచ్చిన సలహాలలో సున్న డిగ్రీల క్రింద చార్జి చేయరాదని ముందుగా చెప్పుదురు. అది నిజమే, చలిలో లిథియం లోహముగా పేరుకొనును. కాని లింగంపేట మే నెలలో మంచు ఎక్కడిది? ఈ బ్యాటరీలను సాధారణముగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయరాదు. ఎండలో మూసియుంచిన వ్యాను లోపల ఆ వేడి సులభముగా దాటును. మన సలహా మన ఎండను బట్టి ఉండవలెను.

ఇదంతయు అతిజాగ్రత్త అనువారు 2022 ఏప్రిల్‌ను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆ నెల నిజామాబాదులో ఇంట చార్జింగులో ఉన్న విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. లిథియం బ్యాటరీలలో అనేక రకములు గలవు. ఐరన్ ఫాస్ఫేటు వానిలో నిలకడ గలది, అయినను నిర్లక్ష్యమును సహించునది కాదు. స్కూటర్లనుండి ఊడదీసిన, చరిత్ర తెలియని ఘటములను చౌక అని కూర్చి వాడుట ఎంతమాత్రము తగదు.

కనుక తీర్పు ఇది. మార్పు మంచిదే. కాని ఖర్చు లెక్కించునప్పుడు బ్యాటరీ వెలతోబాటు చార్జరు, డీసీ-డీసీ చార్జరు, ఫ్యూజు, తీగలు, మీటరు వెలలను కూడ చేర్చవలెను. అంత సొమ్ము లేనివారు మంచి సీసపు బ్యాటరీనే మరల కొనుట మేలు. తీసివేసిన సీసపు బ్యాటరీని పెరటిలో పగులగొట్టక అమ్మకందారునకు తిరిగి ఇయ్యవలెను. సీసము, ఆమ్లము రెండును నేలకు, నీటికి హాని చేయునవి.

ఉపాధ్యాయులు ఇందుకు చిన్న ప్రయోగము చేయింపవచ్చును. కొత్త టార్చి ఘటమును, వాడిన ఘటమును తెచ్చి, వాని ఓల్టేజిని ముందు ఊరకే, తరువాత చిన్న బల్బు వెలుగుచుండగా కొలిపించుడు. ఊరకే కొలిచినప్పుడు అంతగా తేడా చూపనివి బల్బు వెలిగినప్పుడు వేరువేరుగా ప్రవర్తించును. నల్లబల్లపై రెండు గీతల వెనుక ఏమి దాగియున్నదో విద్యార్థులు ఆనాడు తమ కన్నులతో చూతురు.